గ్రానైట్‌కి చోటు ఎవరిచ్చారు? సియెరా నెవాడాలో ఏడు రోజులు

మొదటి రోజు: మెర్సెడ్ నది పక్కన

నేను ఈ ట్రిప్ పెట్టుకున్నది ఒక్క ప్రశ్న కోసం. కాలిఫోర్నియాకి తూర్పు వైపున సియెరా నెవాడా కొండలు 600 కిలోమీటర్లకి పైగా సాగుతాయి, అందులో చాలా మటుకు గ్రానైటే, ఆ గ్రానైట్ అంతా ఒకప్పుడు భూమి లోపల కరిగి ఉన్న రాయి. కింద నుంచి మాగ్మా వచ్చింది, కొన్ని కిలోమీటర్ల లోతులో ఆగింది, చల్లారి గట్టిపడింది, ఇంతవరకు సరే. కానీ అది వచ్చేసరికి ఆ చోట్లో వేరే రాయి ఉండే ఉంటుంది కదా, అదెక్కడికి పోయింది? జియాలజీ వాళ్ళు దీన్ని రూమ్ ప్రాబ్లమ్ అంటారు. వందేళ్ళకి పైగా కొట్లాడుకుంటున్న విషయం, నాకు మాత్రం కాగితం మీద ఎన్నిసార్లు చదివినా కుదురుగా ఎక్కలేదు. స్ట్రక్చరల్ జియాలజీలో ఏళ్ళ తరబడి మ్యాపింగ్ చేసిన అక్క ఒకామె "చదివింది చాల్లే, నడిచి చూద్దాం పద" అంది, బయల్దేరాం.

మారిపోసా దాటాక 140 నంబర్ రోడ్డు మెర్సెడ్ నది వెంటే వెళ్తుంది. బ్రైస్‌బర్గ్ దాటి ఎల్ పోర్టల్ వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన కోసిన కొండ గోడలో చెర్ట్ పొరలు కనిపిస్తాయి, బండి ఆపకుండా ఉండలేం. చెర్ట్ అంటే లోతు సముద్రం అడుగున సిలికా పెంకులున్న సూక్ష్మజీవులు పేరుకుని గట్టిపడిన రాయి. అడుగున పరుపులాగా పడి ఉండాల్సిన పొరలు ఇక్కడ మడతపెట్టిన చీర కుచ్చిళ్ళలా నిలువుగా లేచి, వంగి, మళ్ళీ వెనక్కి తిరిగి ఉన్నాయి. ఒక్కో పొర రెండు మూడు వేళ్ళ మందం. నేను ఒక మడత మీద వేలు పెట్టి జరుపుకుంటూ వెళ్తే ఎక్కడా తెగలేదు, మలుపు దగ్గర కూడా. అక్క ఒకటే మాట చెప్పింది, "ఇది గ్రానైట్ రాకముందు నుంచే నలుగుతున్న నేల, ఖాళీ ప్లాట్ అనుకోకు".

సంగతి క్లుప్తంగా ఇదీ. డైనోసార్ల కాలంలో ఫారలాన్ అనే సముద్రపు ప్లేట్ (భూమి పైపెంకులో ఒక పెద్ద పలక) ఉత్తర అమెరికా కిందకి దూరుతూ ఉండేది. లోపలికి దిగిన ప్లేట్ వేడెక్కి నీటిని వదిలేస్తుంది, ఆ నీరు పైనున్న మాంటిల్‌లోకి, అంటే పెంకు కింద ఉండే వేడి రాతి పొరలోకి, చేరితే అది కరిగే ఉష్ణోగ్రత తగ్గిపోతుంది, మాగ్మా పుడుతుంది, పైకి వస్తూ ఖండపు అడుగు రాళ్ళని కూడా కొంత కరిగించుకుంటుంది. పైన అగ్నిపర్వతాల వరస, కింద ప్లూటాన్లు, అంటే లోపలే చల్లారి గట్టిపడ్డ మాగ్మా ముద్దలు. ఇప్పటి ఆండీస్ ఎలా ఉందో అలాంటిదే, దీన్నే ఖండపు ఆర్క్ అంటారు. ఆండీస్‌లో పైకప్పు ఇంకా ఉంది కాబట్టి కింద ఏం జరుగుతోందో చూడలేం. సియెరాలో పైకప్పు చాలావరకు కోసుకుపోయింది, వేర్లు బయటపడ్డాయి, అందుకే పాత ఆర్క్ దగ్గరకి రావాలి.

సాయంత్రానికి యోసెమిటీ లోయలోకి వచ్చాం. ఎల్ కాపిటాన్ గోడ 900 మీటర్ల ఎత్తు, కింద నిలబడి చూస్తే మెడ నొప్పి పుడుతుంది. తెల్లటి గ్రానైట్ గోడ మధ్యలో ఉత్తర అమెరికా మ్యాప్‌లాంటి నల్ల మచ్చ ఉంటుంది, అది డయోరైట్, అంటే ఇనుము మెగ్నీషియం ఎక్కువున్న మాగ్మా ఈ గ్రానైట్‌లోకి చొరబడిన చోటు. పది కోట్ల ఏళ్ళకి పైబడ్డ గోడ. ఒకే గోడలో కనీసం రెండు మూడు రకాల మాగ్మాలు ఒకదాన్ని ఒకటి కోసుకుంటూ వెళ్ళడం చూశాక, "ఒకే పెద్ద కుండలో మాగ్మా నిండింది" అనే బొమ్మ నా బుర్రలో మొదటిసారి కదిలింది.

రెండో రోజు: మే లేక్, ఓమ్‌స్టెడ్ పాయింట్

పొద్దున్నే టయోగా రోడ్డు ఎక్కాం. చలికాలమంతా మంచుతో మూసేసి, చాలా ఏళ్ళు మే చివర్లోనో జూన్‌లోనో తెరుస్తారు, మేం వెళ్ళింది ఆగస్టు చివర్లో కాబట్టి దారి పొడిగా ఉంది.

మే లేక్‌కి రోడ్డు నుంచి రెండు కిలోమీటర్ల నడక. సరస్సు అందంగా ఉంటుంది కానీ మేం వెళ్ళింది పక్కనున్న పాత రాళ్ళ కోసం. ఇక్కడ రెండు గ్రానైట్ల మధ్య ఇరుక్కుపోయి పల్చటి గోడలాగా క్వార్ట్‌జైట్, ఇంకా కొన్ని సున్నపు రకం రాళ్ళు మిగిలాయి. ఒకప్పుడు సముద్రపు ఒడ్డున పేరుకున్న ఇసుక, మట్టి, సున్నం. ఇలా మిగిలిన ముక్కని స్క్రీన్ అంటారు, గ్రానైట్ నెత్తి మీద వేలాడుతున్నట్టు మిగిలిపోతే రూఫ్ పెండెంట్ అంటారు. పొరలు దాదాపు నిలువుగా లేచి ఉన్నాయి. గ్రానైట్ దీన్ని మింగిందా, పక్కకి తోసిందా, కిందకి దిగిపోనిచ్చిందా? అక్కడ ఒక గంట కూర్చుని చూశాను. గ్రానైట్ అంచు ఒక చోట పొరల వెంటే వెళ్తుంది, పది అడుగులు పోయాక పొరల్ని అడ్డంగా కోసేస్తుంది. ఒకే అంచులో రెండు పద్ధతులు.

"మరి ఏది నిజం అక్కా?" అన్నాను.

"రెండూ. ఆ రెండిటిలో ఎంత ఎంత అన్నదే ప్రశ్న" అంది.

మధ్యాహ్నం ఓమ్‌స్టెడ్ పాయింట్. జనం అందరూ హాఫ్ డోమ్ వైపు ఫొటోలు తీసుకుంటుంటే మేం కాళ్ళ కింద రాయి చూస్తూ వంగి తిరిగాం. ఇది హాఫ్ డోమ్ గ్రానోడయోరైట్, గ్రానైట్‌కి దగ్గరి చుట్టం. లెన్స్ పెట్టి చూస్తే హార్న్‌బ్లెండ్ అనే ఖనిజం స్ఫటికాలు నల్లగా, అంచులు చక్కగా చెక్కినట్టు, కొన్ని సెంటీమీటర్ పొడవు దాటి ఉంటాయి, వాటి పక్కన తేనె రంగులో చిన్న చీలల్లాంటి టైటనైట్ అనే ఇంకో ఖనిజం. మధ్యలో అక్కడక్కడా ముదురు బూడిద రంగు ముద్దలు, ఎన్‌క్లేవ్‌లు అంటారు, వేడి ఎక్కువున్న నల్ల మాగ్మా ఈ మాగ్మాలో పడి గడ్డకట్టిన బొట్లు. ఆ బొట్లు గుండ్రంగా లేవు. సాగి చేపల్లా ఉన్నాయి, అన్నీ ఇంచుమించు ఒకే వైపుకి తిరిగి ఉన్నాయి. అంటే ఈ రాయి ఇంకా పూర్తిగా గట్టిపడకముందే దీన్ని ఏదో నొక్కింది.

అక్క కంపాస్ తీసి దిక్కు రాసుకుంది. ఇక్కడ పార్క్ లోపల సుత్తి వాడకూడదు, అనుమతి లేకుండా రాయి తీసుకోకూడదు, కాబట్టి మా పనిముట్లు లెన్స్, కంపాస్, నోట్‌బుక్, అంతే. నిజానికి అంతకంటే అవసరం కూడా రాలేదు, హిమానీనదాలు ఈ రాయిని ఎంత నున్నగా పాలిష్ చేసి పెట్టాయంటే ల్యాబ్‌లో కోసిన ముక్కలాగే కనిపిస్తుంది.

మూడో రోజు: టూలమీ మెడోస్

ఈ ప్రాంతంలో 1,100 చదరపు కిలోమీటర్ల మేర ఉన్న గ్రానైట్ సముదాయాన్ని టూలమీ ఇంట్రూసివ్ సూట్ అంటారు. ఉల్లిపాయ పొరల్లాగా ఉంటుంది: బయట కూనా క్రెస్ట్, అది నల్లటిది, పాతది, లోపలికి హాఫ్ డోమ్, ఆ లోపల కెథీడ్రల్ పీక్, నడిమధ్య చిన్నగా జాన్సన్ గ్రానైట్ పోర్ఫిరీ. బయట సుమారు 9.5 కోట్ల ఏళ్ళు, మధ్యలో 8.5 కోట్ల ఏళ్ళు. అంటే అంచు నుంచి మధ్యకి రావడానికి కోటి ఏళ్ళు!

ఈ కోటి ఏళ్ళ లెక్క చాలా ముఖ్యం. మొదట్లో అందరూ ఇదంతా ఒకే పెద్ద మాగ్మా చెరువు, బయట నుంచి లోపలికి చల్లారుతూ వచ్చింది, అందుకే పొరలు అనుకునేవాళ్ళు. 2004లో డ్రూ కోల్‌మన్, వాల్ట్ గ్రే, అలెన్ గ్లేజ్‌నర్ అనే జియాలజిస్టులు జిర్కాన్ (రాయి వయసు కట్టడానికి వాడే చిన్న స్ఫటికం) వయసులు చూపించి అడిగింది ఏంటంటే, ఇంత లోతులో ఇంత సైజు మాగ్మా ఒకేసారి వచ్చి ఉంటే పది లక్షల ఏళ్ళలోపే గట్టిపడి ఉండాలి కదా, కోటి ఏళ్ళు ఎలా కరిగి ఉంటుంది? కాబట్టి ఇది విడతలు విడతలుగా వచ్చింది, ఏ ఒక్క సమయంలోనూ మొత్తం కరిగి లేదు అన్నారు. దీని మీద ఇంకా వాదనలు ఉన్నాయి, మధ్య భాగంలో పెద్ద ముద్దగా మాగ్మా చాలాకాలం ఉందనేవాళ్ళు కూడా గట్టిగానే ఉన్నారు. కానీ విడతలు అన్న మాట మాత్రం ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పుకుంటారు.

రాత్రి కూర్చుని నేను ఒక లెక్క వేశాను. ఈ సూట్ వెడల్పు ఇరవై ఇరవై అయిదు కిలోమీటర్లు అనుకుందాం. కోటి ఏళ్ళలో అంత చోటు కావాలంటే ఏడాదికి 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు చాలు. ప్లేట్లు ఏడాదికి సెంటీమీటర్లలో కదులుతాయి. అంటే ఆ కదలికలో చిన్న వాటా ఈ నేలని విడదీయడానికో పక్కకి జరపడానికో ఖర్చయితే సరిపోతుంది! ఒకేసారి అంత చోటు కావాలంటే అసాధ్యం అనిపించింది, విడతలైతే అసలు గండమే కాదు. ఈ లెక్క చూపిస్తే అక్క "పక్కకి మాత్రమే జరగాలని లేదు, పైకీ కిందకీ కూడా చూడు" అని వదిలేసింది, ఆ మాట అయిదో రోజు దాకా నాకు అర్థం కాలేదు.

పగలంతా పాట్‌హోల్ డోమ్ మీద, లెంబర్ట్ డోమ్ కింద తిరిగాం. కెథీడ్రల్ పీక్ గ్రానోడయోరైట్ చూడగానే గుర్తుపట్టొచ్చు, పొటాషియం ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు ఇటుకల్లాగా రాయి మీద పొడుచుకుని ఉంటాయి, అయిదు సెంటీమీటర్లు మామూలే, అరచేతి నిండా వచ్చేవి కూడా ఉన్నాయి. ఒక స్ఫటికాన్ని లెన్స్‌తో చూస్తే లోపల బయోటైట్ (నల్ల మైకా) చుక్కలు చెట్టు వలయాల్లా వరసగా ఉన్నాయి, పెరుగుతూ పెరుగుతూ పక్కనున్న చిన్న గింజల్ని తన అంచుకి అంటించుకుంటూ పోయింది. కొన్ని చోట్ల ఈ స్ఫటికాలు గుంపులుగా పోగయ్యాయి, కొన్ని చోట్ల నల్ల ఖనిజాల చారలు ఒకదాని మీద ఒకటి వంపులు తిరిగి ఉన్నాయి, వాగు ఇసుకలో పడే చారల్లాగే, ష్లీరెన్ అంటారు. మాగ్మా గుజ్జులాగా ఉండి పారిందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి.

ఇంకో సంగతి. స్ఫటికాలు సర్దుకున్న దిక్కుని ఫోలియేషన్ అంటారు. ఇక్కడ రెండు రకాల గ్రానైట్ల మధ్య హద్దు దాటినా ఆ దిక్కు చాలా చోట్ల మారదు. హద్దుని పట్టించుకోకుండా అవతలికి పోతుంది. మాగ్మా తనంతట తను పారడం వల్ల మాత్రమే ఆ వరస వచ్చి ఉంటే హద్దు దగ్గర మారాలి కదా. అంటే బయట నుంచి, మొత్తం ప్రాంతాన్నే నొక్కుతున్న బలం ఈ గుజ్జు మీద కూడా పనిచేసింది. దీన్ని యిర్జీ జాక్, స్కాట్ ప్యాటర్సన్ వాళ్ళు 2007లో వివరంగా కొలిచి, ఇదే గ్రానైట్ సముదాయంలో నాలుగు రకాల మాగ్మాటిక్ ఫాబ్రిక్‌లు, అంటే గుజ్జుగా ఉన్నప్పుడే స్ఫటికాలు సర్దుకున్న వరసలు, విడదీసి చూపించారు. నేను రెండే పట్టుకోగలిగాను.

నాలుగో రోజు: శాడిల్‌బ్యాగ్ లేక్, వాన

టయోగా పాస్ 3,031 మీటర్లు, కాలిఫోర్నియాలో హైవే మీద ఇంతకంటే ఎత్తైన కనుమ లేదు. అది దాటగానే రంగు మారిపోతుంది, తెల్ల గ్రానైట్ పోయి మౌంట్ డానా వైపు తుప్పు ఎరుపు, గోధుమ రంగు రాళ్ళు వస్తాయి. అవే పెండెంట్ రాళ్ళు, పాత అగ్నిపర్వతాల బూడిద, సముద్రపు మట్టి, అన్నీ కాలి పలకబారినవి. పక్క దారిలో శాడిల్‌బ్యాగ్ లేక్‌కి వెళ్ళి నడక మొదలుపెట్టాం.

గ్రీన్‌స్టోన్ లేక్ దాకా వెళ్ళామో లేదో ఉరుములు మొదలయ్యాయి. మూడు వేల మీటర్లకి పైన, చెట్టు లేని చోట మెరుపులు పడుతుంటే ఆలోచించడానికేం లేదు, వెనక్కి తిరిగాం. వడగళ్ళు పడ్డాయి. దారిలో తడిసిన ఒక పాత అగ్నిపర్వత రాయి చూశాను, ఎండలో అయితే గమనించేవాణ్ణి కాదేమో, తడికి అందులోని ముక్కలు తేలి కనిపించాయి. పేలుడులో బూడిదతో పాటు పడిన రాతి ముక్కలు, ఒక్కోటి అడ్డంగా రెండు వేళ్ళు, నిలువుగా జానెడు. అన్నీ నిలువుగా సాగాయి. వానలో నిలబడి చెయ్యి పెట్టి కొలిచాను, అక్క అరిచింది, వచ్చేశాను.

అయిదో రోజు: కాస్కేడ్ లేక్

తెల్లవారకముందే మొదలయ్యాం, మధ్యాహ్నానికి కిందకి వచ్చేయాలని. గ్రీన్‌స్టోన్ లేక్, వాస్కో లేక్, స్టీల్‌హెడ్ లేక్, అక్కడి నుంచి పడమరకి తిరిగితే నార్త్ పీక్ కింద కాస్కేడ్ లేక్. ఈ సరస్సు పేరు మీదే షియర్ జోన్‌కి పేరు పెట్టారు, కాస్కేడ్ లేక్ షియర్ జోన్. షియర్ జోన్ అంటే రెండు పక్కల రాయి ఒకదాని పక్కగా ఒకటి జారడంతో నలిగి సాగిన పట్టీ. టూలమీ సూట్ తూర్పు అంచు వెంట వెళ్తుంది, సియెరా శిఖర రేఖ వెంట ఉన్న పొడవాటి షియర్ జోన్ల వరసలో ఒక ముక్క.

అక్క పద్ధతి ఏంటంటే, వెళ్ళేటప్పుడు ఏదీ చూడకుండా గబగబా పడమర చివరకి వెళ్ళాలి, అక్కడి నుంచి తూర్పుకి, అంటే గ్రానైట్ లోపల నుంచి అంచు వైపుకి, నెమ్మదిగా చదువుకుంటూ రావాలి. చాలా మంచి పద్ధతి. ఎందుకంటే మార్పు ఎక్కడా గీత గీసినట్టు ఉండదు.

పడమరన రాయి నిన్న మొన్న చూసిన కెథీడ్రల్ పీక్ రాయే. పెద్ద ఫెల్డ్‌స్పార్‌లు వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వరసగా సర్దుకుని ఉన్నాయి, వాగులో కొట్టుకొచ్చిన దుంగల్లాగా. కానీ వాటి మధ్య క్వార్ట్జ్ గింజలు గుండ్రంగానే ఉన్నాయి, ఫెల్డ్‌స్పార్ అంచులు పగల్లేదు. అంటే ఇవి తిరిగింది చుట్టూ ఇంకా ద్రవం ఉన్నప్పుడు. గట్టిపడ్డాక తిప్పి ఉంటే అన్నిటికంటే ముందు క్వార్ట్జ్ సాగిపోవాలి, ఎందుకంటే క్వార్ట్జ్ 300 డిగ్రీలు దాటితే చాలు మెత్తబడి సాగడం మొదలుపెడుతుంది, ఫెల్డ్‌స్పార్‌కి 450 డిగ్రీలకి పైన కావాలి.

ఇంకొంచెం తూర్పుకి వచ్చాం. ఇప్పుడు క్వార్ట్జ్ కొంచెం చదునైంది. ఇంకా తూర్పుకి. క్వార్ట్జ్ రిబ్బన్లు అయింది, బయోటైట్ కాటుక పులిమినట్టు సన్న గీతలైంది. ఫెల్డ్‌స్పార్‌కి రెండు వైపులా తోకలు వచ్చాయి. ఇంకా తూర్పుకి వస్తే అది మైలొనైట్, సన్న గీతల రాయి, అందులో మిగిలిన ఫెల్డ్‌స్పార్‌లు కళ్ళలాగా చూస్తుంటాయి. దిక్కు మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఇంచుమించు ఒకటే! గుజ్జులో ఉన్నప్పుడు ఏ దిక్కో, గట్టిపడి వేడిగా ఉన్నప్పుడు అదే దిక్కు, ఇంకా చల్లారాక కూడా అదే దిక్కు. నా ట్రిప్ మొత్తానికి నేను వెతుక్కుంటూ వచ్చింది ఇదే. ముందు మాగ్మా వచ్చింది, చల్లారింది, తర్వాత ఎప్పుడో వేరే కథగా నేల కదిలింది అని రెండు అధ్యాయాలుగా రాయడం కుదరదు ఇక్కడ. నొక్కుడు జరుగుతూ ఉండగానే మాగ్మా వచ్చింది, ఆ నొక్కుడులోనే చల్లారింది, చల్లారాక కూడా అది ఆగలేదు.

ఒక స్ఫటికం దగ్గర నేను చాలాసేపు ఉండిపోయాను. ఆరు సెంటీమీటర్లు ఉంటుంది. మూడు ముక్కలుగా విరిగి, అరలో పుస్తకాలు ఒరిగినట్టు ఒకదాని మీద ఒకటి జారింది, పగుళ్ళ మధ్య క్వార్ట్జ్ వచ్చి నిండింది. దాని లోపల బయోటైట్ వలయాలు ఇంకా కనిపిస్తున్నాయి, ఒక ముక్కలో వలయం తెగి పక్క ముక్కలో కొంచెం జరిగి మళ్ళీ మొదలవుతుంది. ఒకే స్ఫటికంలో మాగ్మాలో హాయిగా పెరిగిన కాలం, తర్వాత విరిగిన కాలం రెండూ ఉన్నాయి. తోకలు చూస్తే జారింది కుడివైపుకి, అంటే షియర్ జోన్‌కి ఒక పక్క నిలబడి చూస్తే అవతలి పక్క కుడికి వెళ్ళింది. ఫారలాన్ ప్లేట్ ఆ కాలంలో ఖండాన్ని నేరుగా గుద్దకుండా ఏటవాలుగా ఉత్తరం వైపుకి లాగుతూ దూరిందనేదానికి ఇది సరిపోతుంది.

అప్పుడొచ్చింది తిరకాసు. అక్క రాయి మీద గీతల్ని చూపించింది, గింజలు సాగిన దిక్కు, లీనియేషన్ అంటారు. మామూలుగా రాయి ఎటు జారితే గీతలు అటే ఉండాలి, బండి జారితే టైర్ మరక జారిన వైపే పడినట్టు. ఇక్కడ గీతలు దాదాపు నిలువుగా ఉన్నాయి. కానీ తోకలు పక్కకి జారిందని చెబుతున్నాయి. నేను నోట్‌బుక్ చూసి మళ్ళీ కొలిచాను, నేనే తప్పు చదివానేమో అని. తప్పు లేదు.

"నిన్న వానలో కొలిచిన ముక్కలు ఎటు సాగాయి?" అంది.

నిలువుగా.

"ఏటవాలుగా గుద్దితే రెండు పనులు జరుగుతాయి. పక్కకి జారుతుంది, అదే సమయంలో నలుగుతుంది. నలిగిన రాయి ఎటు పోవాలి? రెండు పక్కలా గోడలున్నాయి, పైకో కిందకో పోవాలి."

దీన్ని ట్రాన్స్‌ప్రెషన్ అంటారు. రెండు అరచేతుల మధ్య పిండి ముద్ద పెట్టి చేతులు నొక్కుతూ ఒక చేతిని ముందుకి జరిపితే, ముద్ద పక్కకి లాగబడుతుంది కానీ ఎక్కువగా పైనుంచి కిందనుంచి బయటకి వస్తుంది, నేను అక్కడే రెండు చేతులు కలిపి అనుకరించి చూశాను. మొన్న "పైకీ కిందకీ కూడా చూడు" అన్నది ఇదే. గ్రానైట్ చుట్టూ ఉన్న పాత రాయి పక్కకి మాత్రమే తప్పుకోవాలని ఎవరన్నారు, నిలువుగా సాగి పైకి పోయింది, కొంత రాయి మాగ్మా పక్క నుంచే కిందకి కూడా దిగింది.

మరి షియర్ జోనే చోటిచ్చిందా? 1992లో బాసిల్ టికాఫ్, క్రిస్టియన్ టెసియే అనే జియాలజిస్టులు ఇదే చెప్పారు, పక్కపక్కన అంచెలంచెలుగా ఉన్న షియర్ జోన్ల మధ్య నేల విచ్చుకునే చోట్లలోకి ఈ పెద్ద ప్లూటాన్లు చేరాయని. అందమైన ఆలోచన. నా మటుకు నాకు ఇది సగం జవాబు అనిపిస్తుంది. షియర్ జోన్ తూర్పు అంచున ఉంది, సూట్ నడుమ మధ్యలో గ్రానైట్ మీద గట్టిపడ్డాక వచ్చిన సాగుడు చాలా తక్కువ. పైగా ఏది ముందు అనేది కూడా గుండ్రంగా తిరుగుతుంది: మాగ్మా వేడికి చుట్టూ ఉన్న రాయి మెత్తబడుతుంది, మెత్తబడ్డ చోటే ప్లేట్ల బలం వచ్చి పోగవుతుంది, అక్కడ షియర్ జోన్ ఏర్పడుతుంది, షియర్ జోన్ తెరిచిన సందుల్లోంచి తర్వాతి విడత మాగ్మా సులువుగా వస్తుంది, అది మళ్ళీ వేడి చేస్తుంది. గ్రానైట్ ఎక్కడ చివరిదాకా వేడిగా ఉందో ఆ అంచునే షియర్ జోన్ ఎక్కువగా కోసింది, ఇది కాకతాళీయం అంటే నేను నమ్మను.

పదకొండున్నరకి మబ్బులు పట్టాయి, దిగిపోయాం.

ఆరో రోజు: జెమ్ లేక్

జూన్ లేక్ దారిలో సిల్వర్ లేక్ దగ్గర బండి పెట్టి రష్ క్రీక్ ట్రెయిల్ ఎక్కాం, ఆగ్న్యూ లేక్ మీదుగా జెమ్ లేక్ దాకా, సుమారు 550 మీటర్ల ఎక్కుడు. దారి మధ్యలో జలవిద్యుత్ పనుల కోసం వేసిన పాత ట్రామ్ పట్టాల్ని రెండుసార్లు దాటాలి. మోకాళ్ళకి పరీక్షే.

ఇక్కడ గ్రానైట్ కాదు, రిట్టర్ రేంజ్ పెండెంట్, అంటే ఆర్క్ పైకప్పు. పాత అగ్నిపర్వతాల లావా, బూడిద. ఇదే పెండెంట్‌లో ఇంకా దక్షిణాన మినరెట్స్ కాల్డెరా ఉంది, సుమారు పది కోట్ల ఏళ్ళ కిందట పేలి కూలిపోయిన అగ్నిపర్వతం, రిచర్డ్ ఫిస్క్, ఒథ్మార్ టోబిష్ దాన్ని గుర్తించి మ్యాప్ చేశారు. నాకు దీనిలో నచ్చింది ఏంటంటే, నేల మీద పడిన బూడిద ఇప్పుడు నిలువుగా నిలబడి ఉంది, దాని పక్కనే కిలోమీటర్ల లోతులో చల్లారిన గ్రానైట్ ఉంది. పైది కిందకి దిగింది, లేదంటే ఈ రెండూ పక్కపక్కన ఉండడం ఎలా కుదురుతుంది?

జెమ్ లేక్ షియర్ జోన్ కూడా కుడివైపు జారుడే, ట్రాన్స్‌ప్రెషనే, కానీ ముఖం వేరు. నిన్నటి రాయిలో మెరిసే పెద్ద స్ఫటికాలుంటే ఇవాళ్టిది సన్నటి పలకల్లా విడిపోయే రాయి, మైకా మెరుపు, అక్కడక్కడా తుప్పు మరకలు. వేడి నీళ్ళు ఈ సందుల్లో బాగా తిరిగాయి అని చెప్పే గుర్తులు. అదే కదలిక, అదే కాలానికి దగ్గర, కానీ వేడి గ్రానైట్‌లో అయితే ఒక రకంగా, చల్లటి పైకప్పులో అయితే ఇంకో రకంగా రాసింది. అక్క రోజంతా పెద్దగా మాట్లాడలేదు, కొలతలు తీసుకుంటూనే ఉంది, నేను పలకలు లెక్కపెడుతూ కూర్చున్నాను.

ఏడో రోజు: ఇండిపెండెన్స్, అలబామా హిల్స్

395 హైవే మీద దక్షిణానికి. దారిలో లాంగ్ వ్యాలీ కాల్డెరా, 7.6 లక్షల ఏళ్ళ కిందట సుమారు 600 ఘన కిలోమీటర్ల మాగ్మా చిమ్మిన చోటు, మా కథతో పోలిస్తే నిన్న జరిగినట్టు. ఆగలేదు.

అలబామా హిల్స్‌లో గుండ్లు గుండ్లుగా ఉన్న లేత గ్రానైట్ సుమారు 8.5 కోట్ల ఏళ్ళది, వెనకాల 4,421 మీటర్ల మౌంట్ విట్నీ కూడా ఇంచుమించు ఆ కాలానిదే. ఆర్క్ చివరి పెద్ద విడత ఇది. తర్వాత ఫారలాన్ ప్లేట్ దిగే కోణం తగ్గి ఖండం కింద చదునుగా జారడం మొదలైంది, వేడి మాంటిల్ ఉండాల్సిన చోటు మూసుకుపోయింది, సుమారు 8 కోట్ల ఏళ్ళ దగ్గర సియెరాలో మాగ్మా ఆగిపోయింది.

మేం చూడాలనుకున్నది మాత్రం దీనికంటే పాతది. ఈ కొండల్లో గ్రానైట్ పక్కనున్న జురాసిక్ అగ్నిపర్వత శిలల్లో ముదురు రంగు డైక్‌లు ఉన్నాయి, వాయవ్య ఆగ్నేయ దిక్కుగా, గోడలు నిలబెట్టినట్టు. ఇండిపెండెన్స్ డైక్ స్వార్మ్, అంటే డైక్‌ల గుంపు. 1961లో మూర్, హాప్సన్ అనే జియాలజిస్టులు పేరు పెట్టారు, సుమారు 14.8 కోట్ల ఏళ్ళ వయసు, సియెరా నుంచి మొహావీ ఎడారి దాకా 600 కిలోమీటర్ల దాకా దొరుకుతాయి. డైక్ అంటే నేల విచ్చుకున్న పగులు, అందులోకి మాగ్మా దూరి గట్టిపడింది, కాబట్టి డైక్‌కి అడ్డంగా ఉన్న దిక్కే ఆరోజు నేల విచ్చుకున్న దిక్కు. 600 కిలోమీటర్ల పొడవునా ఒకే కాలంలో ఒకే దిక్కుగా పగుళ్ళంటే అది ఏ ఒక్క అగ్నిపర్వతం పనో కాదు, ఆర్క్ మొత్తం మీద పడిన బలం. చాలామంది పరిశోధకులు ఆ కాలంలో జారుడు ఎడమవైపుకి ఉందని చెబుతారు. కాస్కేడ్ లేక్ దగ్గర చూసినదానికి పూర్తిగా ఉల్టా! ప్లేట్ వచ్చే కోణం మారితే ఆర్క్ నలిగే తీరు మారుతుంది, మాగ్మా దారి కూడా మారుతుంది.

సాయంత్రం ఒక డైక్ వెంట నడుచుకుంటూ వెళ్ళాను. అడుగున్నర వెడల్పు, అంచుల్లో గింజలు సన్నగా, మధ్యలో కొంచెం పెద్దగా, అంచు గోడ తగలగానే చల్లారినందుకు. రాళ్ళ మధ్య నుంచి, పొదల కింద నుంచి పోయి మళ్ళీ తేలి, లేత గ్రానైట్ దగ్గరకి వచ్చేసరికి ఆగిపోయింది. అవతల వెతికాను, లేదు. గ్రానైట్ దాన్ని కోసేసింది, ఇద్దరి మధ్య ఆరు కోట్ల ఏళ్ళకి పైనే తేడా. అక్క వచ్చి ఒక చేయి డైక్ మీద, ఒక చేయి గ్రానైట్ మీద పెట్టమంది. పెట్టాను, రెండూ ఇంకా ఎండకి వేడిగానే ఉన్నాయి. ఆమె దిక్కు చదివింది, నేను నోట్‌బుక్‌లో రాశాను, వెలుతురు పోయేలోపు ఇంకో మూడు డైక్‌లు కొలవగలిగాం.